సవతి సాక్ష్యం

ఉయిర్యోంగ్, దక్షిణ కొరియా
1992 ఏప్రిల్ 6

జపాన్ దేశం తగావా ఊళ్ళో ఉంటున్న యోమ్ సున్దోక్‌గారికి,

నా పేరు తాక్ మల్సున్. పాంగ్ దల్సు భార్యని. ఆ పేరు చదవగానే మీ గుండె దడదడలాడితే ఆడనివ్వండి. నాది పదిరోజుల నుంచీ అలాగే ఉంది.

నలభై నాలుగులో, బార్లీ విత్తుతుంటే పోలీసులు వచ్చి ఆయన్ని పొలంలోంచే తీసుకుపోయారు. మీ క్యూషూ బొగ్గు గనికి. కాళ్ళ మట్టి కూడా కడుక్కోనివ్వలేదు. ఒక ఉత్తరం వచ్చింది. తర్వాత యుద్ధం అయిపోయింది, పోయినవాళ్ళు మూటలతో తిరిగొచ్చారు. ఆయన రాలేదు. మా అత్తగారు చచ్చేదాకా రోజూ కొడుక్కి గిన్నెడు అన్నం దుప్పటి కింద వెచ్చగా దాచింది.

ఇప్పుడు మా తాలూకా కుటుంబాలన్నీ కలిసి జపాన్ కోర్టులో దావా వేశాం. మా వాళ్ళని పట్టుకుపోయి చంపినందుకు ఆ కంపెనీ, ఆ ప్రభుత్వం క్షమాపణ చెప్పాలి, నష్టపరిహారం ఇవ్వాలి అని. నేనూ సంతకం పెట్టాను. కంపెనీ జవాబిచ్చింది. "పాంగ్ దల్సు మా గనిలో చావలేదు. నలభై అయిదు వసంతంలో వంటవాడి కూతురితో కలిసి పారిపోయాడు. పారిపోయినవాడి తరఫున పరిహారమేమిటి?" అని.

దాన్ని మా లాయరు ఊరి సావట్లో అందరిముందూ పైకి చదివాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. మా తోడికోడలు నవ్వలేదు గాని మూతి తిప్పుకుంది, అది చాలదూ!

ఆ వంటవాడి కూతురు మీరేనని, ఇంకా బతికే ఉన్నారని కిల్బోంగన్న చెప్పాడు. మా పక్క ఊరివాడు, ఆ గనిలో మా ఆయన పక్కనే పడుకున్నవాడు. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాడు.

కాబట్టి అడుగుతున్నాను. ఆయన బతికి ఉన్నాడా? మీతో ఉన్నాడా? చచ్చిపోతే ఎక్కడ, ఎప్పుడు, ఎలా? కళ్ళారా చూసినవాళ్ళు కోర్టులో చెబితే తప్ప నా మొగుడి పేరు దావాలో నిలవదట.

తాక్ మల్సున్

•

తగావా
1992 మే 2

అక్కయ్యా,

ముందుగా చెప్పవలసింది ముందు చెబుతాను. దల్సు లేడు. యుద్ధం అయిపోకముందే పోయాడు. గని దాటి ఎక్కడికీ పోలేదు. బొగ్గు రాళ్ళు పోసి పోసి గుట్టలైన చోటు ఒకటి ఇక్కడ ఉంది. దాని వెనక పేరూ ఊరూ లేని రాళ్ళు కొన్ని నాటి ఉంటాయి. అందులో ఒకటి ఆయనది. నా వంటింటి కిటికీలోంచి కనబడుతుంది.

మీ ఉత్తరంలో ఎంతో మర్యాదగా "మీరు" అని రాశారు. కాని ప్రతి "మీరు" వెనకా పళ్ళు కొరికిన చప్పుడు వినబడింది. నాకేం కోపం లేదు. మీ చోట నేనుంటే ఆ మర్యాద కూడా ఉండేది కాదు.

మా నాన్న కూలీల బసలో వంటవాడు. నేను వడ్డించేదాన్ని. నూనె తీసిన సోయా పిప్పిలో నాలుగు బియ్యపు గింజలు కలిపితే అదే అన్నం. డేగిశా అడుగున అంటుకున్న మాడుచెక్క నేను గీకి దాచి మీ ఆయనకి ఇచ్చేదాన్ని. ఇష్టంగా తినేవాడు. అలా మొదలైంది.

తర్వాత నేను ఇక్కడే ఒకాయన్ని చేసుకున్నాను. ఆయనా పోయాడు. ఇద్దరు కొడుకులు, మాంసం కాల్చి అమ్మే చిన్న కొట్టు. వాళ్ళకి దల్సు సంగతి తెలియదు.

ఎలా పోయాడో, ఏ రోజున పోయాడో నాకు తెలుసు. రాస్తాను. కొంచెం వ్యవధి ఇవ్వండి. ఇన్నేళ్ళూ ఆ తిథి నేనొక్కదాన్నే దాచుకున్నాను. అడగ్గానే తీసి ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు.

సున్దోక్

•

ఉయిర్యోంగ్
1992 మే 25

సున్దోక్,

ఇంక "మీరు" నా వల్ల కాదు.

వ్యవధి కావాలా నీకు? నా మొగుడి తిథి నువ్వు దాచుకోవడమేమిటి, బట్టల పెట్టెలో పట్టుబట్టలాగా? అది నాది. ఆయన పోయిన రోజు నాది, ఆయన రాయి నాది. పొద్దున లేచి కిటికీ తియ్యగానే నీకు ఆయన కనబడతాడా? నాకు ఏం కనబడుతుందో తెలుసా? తోడికోడలి గొడ్ల సావిడి.

చచ్చినరోజు తెలియనివాళ్ళకి చాంద్రమానం లెక్కన తొమ్మిదో నెల తొమ్మిదో నాడు పిండం పెట్టాలని మా దగ్గర ఆచారం. నీకు చెప్పాలా, నువ్వూ మా జాతిదానివేగా. మా అత్త బతికున్నన్నాళ్ళూ "నా కొడుకు చావలేదు" అని ఆ పని చెయ్యనివ్వలేదు. ఆవిడ పోయాక నేను మొదలుపెట్టాను. దిక్కూ దివాణం లేని ఆత్మలందరితో కలిపి, గుంపులో గోవిందాలాగా, నా మొగుడికీ ఓ గిన్నె. తన రోజు కాని రోజున వచ్చి తినమంటే ఆయన వచ్చాడో లేదో! ఆయన రోజున ఆయన నీ దగ్గరికి వచ్చి ఉంటాడు.

ఇంకోటి. మాడుచెక్క ఇష్టంగా తిన్నాడా? మా ఇంట్లో ముట్టేవాడు కాదు! "కుక్కకి పెట్టు" అనేవాడు. నేను గిన్నె అడుగు గీకుతుంటే ఆ చప్పుడుకి చెవులు మూసుకునేవాడు. నీ చేతిలో ఏం మందుందమ్మా?

సాక్ష్యం చెబుతావో చెప్పవో తేల్చి రాయి. దావా విచారణ మాఘమాసం చలి పోకముందే అని లాయరు అన్నాడు.

మల్సున్

•

తగావా
1992 ఆగస్టు 20

అక్కయ్యా,

నా చేతిలో మందేమీ లేదు. ఆకలికి రుచి తెలియదు. ఆ గనిలో మీ ఆయన మాడుచెక్క ఏమిటి, గడ్డి పెట్టినా తినేవాడు. ఈ ఒక్క ముక్క మీకు ఊరట అవుతుందని ముందు రాశాను. ఇకపై ఊరటేమీ లేదు.

మేము పారిపోదామనుకున్న మాట నిజం. నేనూ, ఆయనా. ఒసాకాకి. అక్కడ మా చిన్నమ్మ బట్టల మిల్లులో ఉండేది. పేర్లు మార్చుకుని అక్కడే బతుకుదామని. ఊరికి వెళ్ళే మాట ఆయన ఎత్తలేదు. నేను ఒకసారి అడిగాను, "మీ ఇంట్లో ఉందిగా ఒకావిడ?" అని. "ఉంది" అన్నాడు. అంతే. ఆ "ఉంది" అన్న మాటకి నేను ఎన్నేళ్ళు కుళ్ళుకున్నానో మీకు తెలియదు. ఒసాకా వెళ్ళినా మా ఇద్దరి మధ్యా మీరు ఉంటారని అప్పుడే తెలిసింది.

వెళ్ళవలసిన రోజున ఆయన గనిలోకి దిగనక్కర్లేదు. కాని ఆ వారం రెండో పాళీ కూడా చేసినవాళ్ళకి తెల్లబియ్యపు ముద్దలు అదనంగా ఇచ్చేవారు. "దారిలో ఇద్దరికి తిండి కావాలిగా" అని దిగాడు. నేను మూట కట్టుకుని కొండ వెనక కాలిబాటలో నిలబడ్డాను. సైరను మోగింది. పైకప్పు కూలింది. నేను మూటతోనే పరిగెత్తుకొచ్చాను. బయటికి తెచ్చినవాళ్ళలో ఆయన ఉన్నాడు. మొహం నేనే తుడిచాను. బొగ్గంతా పోయాక చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

మా నాన్నకి నా మూట సంగతి తెలిసిపోయింది. కొట్టి చంపుతాడని నేను ఆ రోజే ఒంటరిగా ఒసాకా పోయాను. చచ్చినవాళ్ళ లెక్క తగ్గితే కంపెనీకి మేలు. వంటవాడి పిల్ల ఎలాగూ మాయమైంది కదా, ఆయన్ని కూడా నాతో జతచేసి "పారిపోయారు" అని రాసేసుకున్నారు. బూడిద ఎక్కడ పెట్టారో తెలుసుకోవడానికే నేను తిరిగొచ్చి ఇక్కడ కాపురం పెట్టాను.

ఇప్పుడు మీరే ఆలోచించుకోండి. నేను కోర్టులో నిలబడితే ఆయన గనిలో పోయాడని రుజువవుతుంది. కాని "నువ్వు మూటతో ఎందుకు నిలబడ్డావు?" అని వాళ్ళ వకీలు అడుగుతాడు. నేను చెప్పాలి. మీ ఊరివాళ్ళు వింటారు, పేపర్లవాళ్ళు రాస్తారు. నేను నోరు మూసుకుంటే ఆయన కంపెనీ కాగితాల్లో పారిపోయినవాడే. మీరు మాత్రం నలుగురిలో "కంపెనీ అబద్ధాలాడుతోంది, నా మొగుడు అలాంటివాడు కాదు" అనుకుంటూ ఉండొచ్చు.

తిథి మన చాంద్రమానం లెక్కన మూడో నెల పన్నెండు. ఇచ్చేశాను.

సున్దోక్

•

ఉయిర్యోంగ్
1992 అక్టోబరు 9

సున్దోక్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రెండుసార్లు పొయ్యిలో పెట్టబోయాను.

నువ్వు అబద్ధమాడుతున్నావని నా నమ్మకం. దల్సు నన్ను వదిలి ఒసాకా పోయేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో నేను పుట్టింటికి వెళ్తే మూడోనాటికి వచ్చేవాడు, "అమ్మకి పిండి దంచే మనిషి లేదు" అని సాకు చెప్పి. ఆ సాకు విని మా నాన్న పడీపడీ నవ్వేవాడు. అలాంటి మనిషి నీకోసం నన్ను మరిచిపోయాడా? నీ మొహం అంత అందమైనదా? ఓ ఫోటో పంపు. వద్దు, పంపకు.

మొన్న తొమ్మిదో నెల తొమ్మిదో నాడు మళ్ళీ అన్నం పెట్టాను. అసలు తిథి తెలిశాక కూడా పెట్టానంటే, అది నువ్వు చెప్పిన రోజు కాబట్టి. నీ నోటి నుంచి వచ్చినదాన్ని నా ఇంట్లోకి రానివ్వడం ఇష్టంలేక. పెట్టి కూర్చుంటే అనిపించింది, ఎవరిమీద కోపంతో ఎవరిని పస్తు పెడుతున్నానా అని. ఏడుపొచ్చింది. తోడికోడలు చూసింది. చూడనీ.

లాయరుకి అంతా చెప్పాను. "అమ్మా, ఆవిడ రావాలా వద్దా మీరే చెప్పండి" అన్నాడు. మంచివాడు, కుర్రాడు, నా మొహం చూడలేకపోయాడు.

నువ్వు రా. వచ్చి చెప్పు. నేను కోర్టులో ముందు వరసలో కూర్చుంటాను. మూట సంగతి, ఒసాకా సంగతి, మాడుచెక్క సంగతి, అన్నీ చెప్పు. పారిపోయినవాడి పెళ్ళాం అనిపించుకోవడంకంటే, పారిపోబోయి చచ్చినవాడి పెళ్ళాం అనిపించుకుంటాను. ఆయన్ని ఆ గుట్ట వెనక దిక్కులేని రాయిగా వదిలెయ్యలేను. నా పరువు ఆయన బూడిదకంటే ఎక్కువేం కాదు.

కాని నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు.

మల్సున్

•

తగావా
1992 డిసెంబరు 14

అక్కయ్యా,

వస్తాను. కొడుకులకి చెప్పాను. పెద్దవాడు కొట్టులోకి పోయి మాంసం కొయ్యడం మొదలుపెట్టాడు. చిన్నవాడు "అమ్మా, నాన్నని ఎప్పుడైనా ప్రేమించావా?" అని అడిగాడు. సినిమాలు ఎక్కువ చూస్తాడు వెధవ. అట్లకాడతో ఒకటిచ్చాను.

మూడోనాటికి మీ పుట్టింటికి వచ్చేవాడని ఎందుకు రాశారు? ఆ ముక్క రాయకుండా ఉంటే ఏం పోయింది? నేను ఎరిగినవాడు ఎప్పుడూ నిద్రకి మొహం వాచి, ఒళ్ళంతా బొగ్గుతో, మాట తక్కువగా ఉండేవాడు. సాకులు చెప్పే దల్సు, మామగారిని నవ్వించే దల్సు నాకు తెలియదు. అతను మొత్తం మీకే దక్కాడు. నాకు దక్కింది మిగిలినది. గిన్నె అడుగున మిగిలినట్టు.

మీరు నన్ను చూసి కుళ్ళుకుంటున్నారు. అక్కయ్యా, ఇక్కడ నేను మిమ్మల్ని చూసి ఎంత కుళ్ళుకుంటున్నానో తెలిస్తే మీకు కాస్త నిద్ర పడుతుందేమో.

కోర్టులో కలుద్దాం. నన్ను పలకరించకండి.

సున్దోక్

•

ఉయిర్యోంగ్
1993 ఫిబ్రవరి 26

సున్దోక్,

ఎవరడిగారు నిన్ను? ఎవరు చేతులు చాచారు నీ ముందు?

నేను ముందు వరసలో పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. తెల్లజుట్టు, బూడిదరంగు కోటు, చిన్న మనిషివి. ఈ పిట్ట కోసమా, అనుకున్నాను. కూలిన పైకప్పు గురించి చెప్పావు. ఆయన మొహం తుడిచిన సంగతి చెప్పావు. వాళ్ళ వకీలు లేచాడు. "మీరు మూటతో ఎందుకు నిలబడ్డారు? అతనితో వెళ్ళిపోవడానికే కదా?" అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

నువ్వేమన్నావు? "కాదండీ. ఆయన ఓడరేవుకి వెళ్తున్నాడు, ఊరికి, భార్య దగ్గరికి. దారిలో తినడానికి మూట కట్టి ఇవ్వమంటే ఇవ్వడానికి నిలబడ్డాను. నేను వడ్డించే పిల్లని, అంతే" అన్నావు. దుబాసీ ఆ మాట మా భాషలో చెప్పగానే మా ఊరి ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. మా తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది, నలభై ఏళ్ళలో మొదటిసారి.

నేను నమ్మాను. పిచ్చిదాన్ని, నమ్మాను! ఉత్తరంలో కుళ్ళుతో అబద్ధం రాసింది, కోర్టులో ప్రమాణం చేసి నిజం చెప్పింది అనుకున్నాను. తిరుగు ఓడ ఎక్కాక డెక్కు మీద చిన్నపిల్లలా అటూఇటూ తిరిగాను. కిల్బోంగన్న దగ్గరికి వెళ్ళి, "చూశావా అన్నా, ఆయన నా దగ్గరికే వస్తున్నాడు" అన్నాను.

కిల్బోంగన్న నేల చూశాడు. ఇంక నాకు అర్థం కాక ఏముంటుంది? "చెప్పు" అన్నాను. "ఎందుకమ్మా ఇప్పుడు" అన్నాడు. "చెప్పకపోతే ఇప్పుడే దూకుతాను" అన్నాను. చెప్పాడు. దల్సు తనని చూడ్డానికి వచ్చి ముందురోజే చెప్పాడట, "ఒసాకా వెళ్ళిపోతున్నాం. ఊళ్ళో అడిగితే ఏమీ తెలియదను" అని. కిల్బోంగన్న కాలు విరిగి వేరే బసలో ఉండబట్టి చావు సంగతి తెలియదు గాని, ఇది మాత్రం తెలుసు.

నా సంతోషం ఓడ ఒడ్డు చేరేదాకా కూడా నిలవలేదు.

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా మొగుణ్ణి నాకే దానం చేస్తావా? నేను కదా నువ్వు అంతా చెప్పినా తల వంచకుండా కూర్చుందామని వచ్చాను. ఆ గొప్ప నాది కావలసింది. అది కూడా నువ్వే ఎగరేసుకుపోయావు. ఆయన నిన్ను ఎందుకు కోరుకున్నాడో ఆ క్షణంలో నాకు తెలిసింది. అదే అన్నిటికంటే మంటగా ఉంది.

మల్సున్

•

తగావా
1993 మార్చి 9

అక్కయ్యా,

కిల్బోంగ్ నోట్లో నువ్వుగింజ నానదని మరిచిపోయాను.

అవును, అబద్ధం చెప్పాను. కాని మీకోసం అనుకుంటే పొరపాటు. మీకు దానం చేసేంత మంచిదాన్ని కాను. నిజమే చెప్పాలని లేచాను. మీరు కళ్ళు మూసుకోవడం చూశాను, దానికీ ఆగేదాన్ని కాదు. కాని ఆ వకీలు పెదవి చివర నవ్వుతూ పెన్ను తెరిచాడు. పక్కన ఒకమ్మాయి నా ప్రతి మాటా టకటకా టైపు చేస్తోంది. వెనక పేపర్లవాళ్ళు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. "మేము వెళ్ళిపోదామనుకున్నాం" అన్న ఆ ఒక్క మాట ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. అక్కడ విప్పితే వీళ్ళందరిదీ అయిపోతుంది. అది పంచుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మీతో పంచుకోవలసి వచ్చినందుకే ఏడుస్తున్నాను, ఇంక ఊరందరితోనా!

అందుకని వాళ్ళకి భార్య దగ్గరికి వెళ్తున్న దల్సుని ఇచ్చాను. నాతో రావలసినవాణ్ణి నేనే అట్టేపెట్టుకున్నాను. ఇది స్వార్థం, అక్కయ్యా. దానం కాదు.

బూడిద మీ ఊరికి తీసుకెళ్ళడానికి కోర్టు తీర్పు దాకా ఆగనక్కర్లేదని, మీ వాళ్ళు వచ్చి తీసుకోవచ్చని మీ లాయరు చెప్పాడు. ఏ రాయో చూపినదాన్ని కనక నా సంతకం కావాలన్నాడు. పెట్టాను. రాయి తీసేసిన చోట గుంట కనబడుతోంది. కిటికీకి పరదా కట్టించాను.

సున్దోక్

•

ఉయిర్యోంగ్
1993 మార్చి 24

సున్దోక్,

దల్సు ఇల్లు చేరాడు. మా మరిది కొడుకు, నేను దత్తత చేసుకున్న పిల్లాడు, తెల్లగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇంత చిన్న మూట! ఒక చేత్తో ఎత్తొచ్చు.

కోర్టు ఏం తేలుస్తుందో ఏమో. "గెలిచినా ఓడినా ఏళ్ళు పడుతుందమ్మా, అవతలివాళ్ళు మళ్ళీ పైకోర్టుకు పోతారు" అంటున్నాడు లాయరు. పోనీ. కోర్టు కాగితాల్లో మాత్రం "పారిపోయాడు" అన్న మాట పక్కన ఇప్పుడు నీ సాక్ష్యం కూడా ఉంటుంది.

నీ ఉత్తరం చదివి చాలాసేపు తిట్టాను. తిట్టి తిట్టి నోరు నొప్పెట్టింది. దానం కాదన్నావు, అంతవరకు బతికించావు. దానమైతే నేను భరించలేకపోదును. స్వార్థమైతే నాకు అర్థమవుతుంది. నేనూ అలాంటిదాన్నే.

మూడో నెల పన్నెండుకి ఈసారి ఆయనకి ఆయన రోజున పెడుతున్నాను. మొదటి గిన్నె సారాయి కొడుకుగా పిల్లాడు పోస్తాడు. రెండోది భార్యని కనక నేను. అందులో ఎవరికీ వాటా లేదు, ముందే చెబుతున్నా. మూడో గిన్నె దగ్గరివాళ్ళు ఎవరైనా పోయవచ్చు. ఏటా మా మరిది పోస్తాడు. ఈసారి పిల్లాడు వచ్చి, "పెద్దమ్మా, మూడోది ఎవరు పోస్తారు?" అని అడిగాడు.

జపాన్ నుంచి ఒక మనిషి వస్తోందని చెప్పాను. ఏమవుతుందని అడిగాడు. నోరు మూసుకుని గుమ్మం కడగమన్నాను.

మల్సున్